కారు ఏసీ మరమ్మతు, గ్యాస్ నింపకం: ఇంటి వద్ద చేయదగినవి, చేయరానివి

(ప్రత్యేక వ్యాసం)

వేసవి ప్రవేశించిందంటే రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాలలో పగటి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల సెల్సియస్ పరిసరాలకు చేరుకోవడం తెలుగు ప్రజలందరికీ అనుభవంలో ఉన్న విషయమే. ఒకప్పుడు విలాసంగా భావించిన కారు ఏసీ, వృద్ధులు, పసిపిల్లలు, రోగులతో ప్రయాణించే కుటుంబాలకు నేడు అవసరంగా మారింది. ఏసీ చల్లదనం తగ్గిన వెంటనే "గ్యాస్ అయిపోయింది, నింపిస్తే సరిపోతుంది" అనే అభిప్రాయం సర్వత్రా వినిపిస్తున్నది. చిన్న డబ్బాలలో గ్యాస్ బజారులో సులభంగా లభించడం, నింపే విధానాన్ని చూపే వీడియోలు చేతిలోని ఫోనులోనే దొరకడం వలన పలువురు వాహనదారులు ఇంటి ఆవరణలోనే ఈ పనికి పూనుకుంటున్నారు. ఇందులో కొంత భాగం యజమాని స్వయంగా నిరపాయంగా చేసుకోదగినదే. మరికొంత భాగం శిక్షణ పొందిన మెకానిక్‌కు మాత్రమే అప్పగించవలసినది. ఈ రెండింటి మధ్య గల హద్దును స్పష్టపరచడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏసీ పనిచేసే విధానం

కారు ఏసీ చలిని తయారు చేయదు; లోపలి వేడిని గ్రహించి వెలుపలికి పంపుతుంది. ఇంజను శక్తితో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను అధిక పీడనానికి నొక్కుతుంది. వేడెక్కిన ఈ గ్యాస్ రేడియేటర్ ముందు అమర్చిన కండెన్సర్‌లోకి వెళ్లి, అక్కడ గాలికి వేడిని కోల్పోయి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం తేమను పీల్చే డ్రయర్ గుండా ప్రయాణించి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వద్ద సన్నని రంధ్రం నుంచి బయటపడుతుంది. అక్కడ పీడనం ఒక్కసారిగా పడిపోవడంతో డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్‌లో ఆ ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని లాగుకుంటుంది. బ్లోయర్ ఆ చల్లని గాలిని ప్రయాణికుల వైపు పంపుతుంది. గాలిలోని తేమ కాయిల్‌పై నీరుగా మారి గొట్టం ద్వారా కారు కిందకు కారుతుంది. ఏసీ నడిచిన తరువాత కారు కింద కనిపించే ఈ నీటి మడుగు లోపానికి సూచన కాదు.

గ్యాస్ అయిపోవడం అనేది అపోహ

పెట్రోలు మాదిరిగా ఏసీ గ్యాస్ ఖర్చయ్యే పదార్థం కాదు. అదే గ్యాస్ మూసిన వలయంలో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు గొట్టాల గోడల గుండా, కంప్రెసర్ ఇరుసు సీలు గుండా ఏళ్ల తరబడి అతి స్వల్పంగా బయటకు పోవడం సహజమే. అయితే ఒక వేసవిలో నింపిన గ్యాస్ మరుసటి వేసవికి లేకుండా పోయిందంటే, ఎక్కడో లీకు ఉన్నదని నిశ్చయంగా చెప్పవచ్చు. లీకును సరిచేయకుండా ఏటా గ్యాస్ నింపించడం, చిల్లి పడిన కుండలో నీరు పోసినట్లే అవుతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కు ప్రాణాధారమైన నూనె సైతం కొంత కొంతగా బయటకు పోతుంది. చివరకు వందల రూపాయల ఓ-రింగ్‌తో తీరవలసిన సమస్య వేల రూపాయల కంప్రెసర్ మార్పిడికి దారితీస్తుంది.

ఏ కారులో ఏ గ్యాస్

గతంలో కారు ఏసీలలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్ వాడుకలో ఉండేది. ఇందులోని క్లోరిన్ భూమికి రక్షణ కవచమైన ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ హెచ్చరించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. ఓజోన్ క్షీణకారక పదార్థాల నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో నిబంధనలు జారీ చేసింది. వీటి ప్రకారం 2003 జనవరి 1 తరువాత కొత్త ఉత్పత్తుల తయారీలో క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకాన్ని, వైద్య అవసరాలు మినహా, నిషేధించడం జరిగింది.

ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎ గ్యాస్‌లో క్లోరిన్ లేదు. అందువలన ఓజోన్‌కు దీని వలన హాని లేదు. నేడు మన రహదారులపై తిరుగుతున్న కార్లలో అత్యధిక భాగం దీనితోనే నడుస్తున్నాయి. కొన్ని నూతన నమూనాలలో ఆర్-1234వైఎఫ్ అనే మూడవ రకం గ్యాస్ ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మరొకదానికి ప్రత్యామ్నాయంగా నేరుగా నింపదగినది కాదు. వాటితో కలిసే నూనెలు వేరు, నింపే నాజిళ్ల కొలతలు వేరు. కారులో ఉండవలసిన గ్యాస్ పేరు, దాని బరువు గ్రాములలో, బానెట్ లోపలి భాగంలో అతికించిన చీటీపై ముద్రించి ఉంటాయి. ఏ పనికైనా ముందు చదవవలసినది ఆ చీటీనే.

యజమాని స్వయంగా పరిశీలించదగిన అంశాలు

చల్లదనం తగ్గిన ప్రతి సందర్భంలోనూ లోపం గ్యాస్‌లోనే ఉండదు. పనిముట్లు లేకుండానే ఈ క్రింది అంశాలను ఇంటి వద్ద పరిశీలించవచ్చు.

1. గాలి బలం: గాలి చల్లగానే ఉండి బలం తగ్గినట్లయితే క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. అనేక కార్లలో ఇది గ్లౌ బాక్సు వెనుక ఉంటుంది, చేతితోనే తీసి మార్చవచ్చు.

2. కండెన్సర్ పరిశుభ్రత: దుమ్ము, పురుగులు, ఎండుటాకులు కండెన్సర్ రెక్కల మధ్య చేరితే వేడి బయటకు పోదు. ఇంజను చల్లారిన తరువాత సన్నని నీటి ధారతో కడగవలసి ఉంటుంది. అధిక పీడనంతో కొట్టే నీటి వలన పలుచని రెక్కలు వంగిపోతాయి.

3. కండెన్సర్ ఫ్యాను: వాహనం వేగంగా వెళ్తున్నపుడు చల్లగా ఉండి, సిగ్నల్ వద్ద ఆగినపుడు వేడి గాలి వస్తున్నదంటే ముందుగా అనుమానించవలసినది ఈ ఫ్యానునే. ఏసీ వేసిన కొద్ది సేపటిలో ఫ్యాను తిరగవలసి ఉంటుంది. తిరగని పక్షంలో ఫ్యూజు, రిలే పరిశీలించాలి. ఫ్యాను ఎప్పుడైనా హఠాత్తుగా తిరగవచ్చును గనుక దానిలో చేయి పెట్టరాదు.

4. కంప్రెసర్ క్లచ్: ఏసీ మీట నొక్కినపుడు టక్కుమనే శబ్దంతో కంప్రెసర్ ముందున్న పళ్లెం తిరగడం ప్రారంభిస్తుంది. అలా జరగకపోతే ఫ్యూజు, రిలే, బెల్టు చూడవలసి ఉంటుంది. గ్యాస్ బాగా తగ్గినపుడు రక్షణ కొరకు అమర్చిన పీడన స్విచ్ కంప్రెసర్‌ను నడవనివ్వదు. ఆ స్విచ్‌ను తీగతో కలిపి బలవంతంగా నడిపితే నూనె అందక కంప్రెసర్ పాడవుతుంది. కొన్ని కొత్త కార్లలో క్లచ్ లేని కంప్రెసర్లు ఉన్నందున వాటిలో ఈ శబ్దం వినిపించదు.

5. నూనె మరకలు: గ్యాస్ కంటికి కనిపించదు. కానీ అది బయటకు పోయే చోట నూనె తడి, దానిపై అంటుకున్న దుమ్ము కనిపిస్తాయి. గొట్టాల అతుకులు, కండెన్సర్ అంచులు, కంప్రెసర్ ముందు భాగం, గ్యాస్ నింపే నాజిళ్లు ముఖ్యంగా చూడవలసిన చోట్లు. సబ్బు నురుగు పూసినపుడు బుడగలు వస్తే లీకు నిర్ధారణ అవుతుంది.

ఈ అయిదు పరిశీలనలు పూర్తిచేసిన యజమాని మెకానిక్ వద్దకు వెళ్లినపుడు లోపాన్ని స్పష్టంగా వివరించగలుగుతాడు. అనవసరపు ఖర్చు తప్పించుకోగలుగుతాడు.

పీడనం చూసి పరిమాణం నిర్ణయించరాదు

ఇంటి వద్ద గ్యాస్ నింపేవారు చేసే ప్రధానమైన పొరపాటు ఇక్కడే జరుగుతున్నది. డబ్బాతో పాటు లభించే చిన్న గేజ్‌పై ఆకుపచ్చ రంగు గీత వరకు ముల్లు రాగానే సరిపోయిందని భావిస్తారు. ఇంజను ఆగి ఉన్నపుడు వలయంలో కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు పీడనం ఉష్ణోగ్రతపైననే ఆధారపడుతుంది, పరిమాణంపై కాదు. ఆర్-134ఎ గ్యాస్‌కు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ పీడనం చదరపు అంగుళానికి సుమారు 97 పౌండ్లు, 40 డిగ్రీల వద్ద సుమారు 133 పౌండ్లు. వలయంలో 200 గ్రాములు ఉన్నా, 400 గ్రాములు ఉన్నా గేజ్ చూపేది దాదాపు ఒకే అంకె.

ఇంజను నడుస్తున్నపుడు చూసే తక్కువ పీడనపు అంకె సైతం ఒంటరిగా నమ్మదగినది కాదు. వెలుపలి వేడి, ఇంజను వేగం, ఫ్యాను స్థితిని బట్టి అది మారుతుంది. కంప్రెసర్ అరిగిపోయినపుడు తక్కువ పీడనపు వైపు అంకె పెరిగి, అధిక పీడనపు వైపు అంకె తగ్గుతుంది. రెండు వైపులా గేజ్‌లు పెట్టినపుడు మాత్రమే ఈ లోపం తెలుస్తుంది. అందువలన ఎంత గ్యాస్ ఉండాలో నిర్ణయించే ప్రమాణం బరువు ఒక్కటే. చాలా చిన్న కార్లకు కావలసిన గ్యాస్ అర కిలో లోపే ఉంటుంది. బజారులో లభించే డబ్బా సుమారు 450 గ్రాములది. లోపల ఎంత మిగిలి ఉన్నదో తెలియకుండా డబ్బా మొత్తం ఖాళీ చేస్తే పరిమాణం మించిపోవడం తథ్యం. అధికమైన గ్యాస్ వలన చల్లదనం పెరగదు, తగ్గుతుంది. పీడనం హద్దు మీరుతుంది. ఆవిరి కాని ద్రవం కంప్రెసర్‌లోకి చేరితే దాని లోపలి భాగాలు విరిగిపోతాయి.

సక్రమమైన మరమ్మతు విధానం

శిక్షణ పొందిన మెకానిక్ అనుసరించే క్రమం ఈ విధంగా ఉంటుంది. మొదట వలయంలో మిగిలిన గ్యాస్‌ను యంత్రంతో సిలిండర్‌లోకి సేకరించి తూకం వేయాలి. చీటీపై ఉన్న బరువుకు, సేకరించిన బరువుకు గల తేడాయే ఎంత కారిపోయిందో తెలుపుతుంది. తరువాత లీకున్న భాగాన్ని, ఓ-రింగులను మార్చాలి. వలయం తెరిచి ఉన్న పక్షంలో డ్రయర్‌ను కూడా మార్చవలసి ఉంటుంది. ఆ పిమ్మట పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా నింపి లీకు పరీక్ష చేయాలి. ఈ పరీక్షకు ఆక్సిజన్ వాడడం ప్రాణాంతకం. నూనెతో కలిసి పేలుడు సంభవిస్తుంది. పంక్చరు షాపు గాలి కూడా పనికిరాదు. అందులో తేమ ఉంటుంది. పైగా అధిక పీడనంలో గాలితో కలిసినపుడు ఆర్-134ఎ సైతం మండే స్వభావం పొందగలదు.

అనంతరం వాక్యూమ్ పంపును కనీసం అరగంట నడపాలి. పీడనం సాధారణ వాయు పీడనంలో ముప్పయ్యో వంతుకు దిగినపుడు నీరు సుమారు 26 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. లోపలి తేమను తొలగించే మార్గం ఇదే. ఆ తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. క్రమంగా ఆమ్లాలను పుట్టించి లోహాన్ని తినివేస్తుంది. పంపు ఆపిన తరువాత వాక్యూమ్ కొంతసేపు నిలవడం లీకు లేదనడానికి మరొక సూచన. చివరగా పోయిన మేరకు సరైన రకపు నూనె చేర్చి, చీటీపై ఉన్న బరువు మేరకు తూకం వేసి గ్యాస్ నింపాలి.

వాక్యూమ్ పంపు, రెండు గేజ్‌ల సెట్టు, గ్రాములలో చూపే తూకం లేనివారు ఈ పనికి పూనుకొనరాదు. ఇవన్నీ ఉన్నప్పటికీ, ఇంజను నడుస్తున్నపుడు డబ్బాను తక్కువ పీడనపు నాజిల్‌కు మాత్రమే కలపాలి. ఆర్-134ఎ వ్యవస్థలో ఈ నాజిల్ చిన్నది, అధిక పీడనపు నాజిల్ పెద్దది. అధిక పీడనపు వైపు డబ్బా కలిపితే కంప్రెసర్ పీడనం వెనుకకు తన్ని డబ్బా బద్దలయ్యే ప్రమాదం ఉంది. డబ్బాను నిటారుగా ఉంచాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌కు చేరుతుంది. త్వరగా దిగుతుందని డబ్బాను మంటపై లేదా మరిగే నీటిలో ఉంచడం ఎంత మాత్రం తగదు.

ప్రాణాపాయ పరిస్థితులు

ఆర్-134ఎ సాధారణ వాయు పీడనంలో మైనస్ 26 డిగ్రీల వద్ద మరుగుతుంది. ద్రవ రూపంలో కంటికి తగిలితే చూపు పోవచ్చు, చర్మానికి తగిలితే మంచు గాయమవుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. గాయమైన చోట రుద్దకుండా గోరువెచ్చని నీటితో తడిపి, వెంటనే వైద్యుని సంప్రదించాలి. కంటిలో పడినపుడు నీటితో నిరాటంకంగా కడుగుతూ ఆసుపత్రికి తరలించాలి.

ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది. సర్వీసింగ్ గుంతలు, సెల్లార్లలో నేలబారుగా పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. మంటకు, ఎర్రగా కాలిన లోహానికి తగిలితే విష వాయువులుగా విడిపోతుంది. కావున ఆ చోట పొగ త్రాగడం, వెల్డింగ్ చేయడం నిషిద్ధం. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఏసీ పరీక్షించడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. బాధితునికి తెలియకుండానే స్పృహ తప్పిస్తుంది. మూసిన చోట ఏసీ వేసుకుని కారులో నిద్రించడం కూడా ఇదే కారణం చేత ప్రాణాంతకం.

వంటగ్యాస్‌ను లేదా దాని మిశ్రమాన్ని చవకగా కారు ఏసీలో నింపడం మరొక ప్రమాదం. కూలింగ్ కాయిల్ ప్రయాణికుల గదిలోనికి గాలి పంపే మార్గంలోనే ఉన్నందున అక్కడ లీకైన మండే వాయువు నేరుగా కారు లోపల చేరుతుంది. నకిలీ గ్యాస్ కూడా ఉపేక్షించదగినది కాదు. 2011లో నౌకా రవాణాకు వాడే శీతల కంటైనర్లలో ఆర్-134ఎ పేరిట మిథైల్ క్లోరైడ్ కలిసిన గ్యాస్ నింపడం వలన పేలుళ్లు జరిగి కార్మికులు మరణించారు. మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరిపి గాలి తగిలిన వెంటనే మండే పదార్థాలను పుట్టిస్తుంది. కారు ఏసీలోని ప్రధాన భాగాలు అల్యూమినియంతో చేసినవే కావడం గమనార్హం.

విద్యుత్, హైబ్రిడ్ వాహనాలలో పలు కంప్రెసర్లు వందల వోల్టుల విద్యుత్తుతో నడుస్తాయి. ఆ తీగలకు నారింజ రంగు తొడుగు ఉంటుంది. వీటిలో విద్యుత్తును ప్రసరింపనీయని ప్రత్యేక నూనె వాడతారు. మామూలు కార్ల నూనె కలిస్తే విద్యుత్ రక్షణ దెబ్బతింటుంది. ఈ వాహనాల ఏసీ పనిని ఇంటి వద్ద చేపట్టరాదు.

పర్యావరణ కోణం

ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచుతుంది. నూరేళ్ల కాలానికి లెక్కించినపుడు దీని తాప ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లుగా అంతర్జాతీయ ఒప్పందాలలో పరిగణిస్తున్నారు. ఈ లెక్కన 450 గ్రాముల డబ్బా ఒకటి గాలిలో కలిస్తే, దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలైనట్లే. లీటరు పెట్రోలు మండినపుడు సుమారు 2.3 కిలోలు వెలువడుతుంది. అనగా ఒక్క డబ్బా దాదాపు 280 లీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 18 కిలోమీటర్లు నడిచే కారు ఆ పెట్రోలుతో అయిదు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. లీకు కట్టకుండా ఏటా గ్యాస్ నింపించే అలవాటు ఎంత ఖరీదైనదో దీనివలన గ్రహించవచ్చు.

2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి చేసిన సవరణ ఈ తరగతి వాయువుల తగ్గింపుకు ఉద్దేశించినది. భారతదేశం దీనిని 2021లో ఆమోదించింది. దీని ప్రకారం మన దేశంలో వినియోగం 2028లో స్తంభింపజేయవలసి ఉంది. అనంతరం నిర్ణీత స్థాయి నుంచి 2032లో 10 శాతం, 2037లో 20 శాతం, 2042లో 30 శాతం, 2047లో 85 శాతం మేరకు తగ్గించవలసి ఉంటుంది. 2019 మార్చిలో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక మెకానిక్‌ల శిక్షణకు ప్రాధాన్యమిచ్చింది.

ఇతర దేశాలలో నిబంధనలు

యూరోపియన్ యూనియన్ 2006లో జారీ చేసిన ఆదేశం ప్రకారం 2017 జనవరి 1 నుంచి విక్రయించే కొత్త కార్లన్నింటిలో తాప ప్రభావం 150 రెట్లకు మించని గ్యాస్ మాత్రమే ఉండాలి. అమెరికాలో చిన్న డబ్బాలతో ఇంటి వద్ద నింపుకోవడం అనుమతించినదే. అయితే 2018 నుంచి తయారయ్యే ఆ డబ్బాలకు తమంతట తామే మూసుకునే వాల్వ్ తప్పనిసరి. గ్యాస్‌ను ఉద్దేశపూర్వకంగా గాలిలోకి వదలడం అక్కడ నేరం. ప్రతిఫలం తీసుకుని కారు ఏసీ మరమ్మతు చేసే వ్యక్తికి ధ్రువపత్రం ఉండాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలో డబ్బాపై వసూలు చేసిన డిపాజిట్‌ను ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చినపుడు చెల్లిస్తారు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారు ఈ నిబంధనలను దృష్టిలో ఉంచుకోవడం మంచిది.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసినవి

వార్తలలో "ఏసీ గ్యాస్ పేలి కారు దగ్ధం" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆర్-134ఎ సాధారణ పరిస్థితులలో మండే వాయువు కాదు. ఆర్-1234వైఎఫ్‌కు స్వల్పంగా మండే గుణం ఉంది. కావున వార్త రాసేటపుడు ఏ గ్యాస్, డబ్బా బద్దలైనదా, తీగలలో షార్టు సర్క్యూటా, ఇంధనం లీకైనదా అనే అంశాలను దర్యాప్తు అధికారుల నుంచి నిర్ధారించుకోవడం ఉచితం. ఓజోన్ క్షీణత, భూతాపం రెండూ వేర్వేరు సమస్యలు అన్న భేదాన్ని కూడా పాటించవలసి ఉంది.

ప్రభుత్వ వాహనాల మరమ్మతు బిల్లులు పరిశీలించే అధికారులు "గ్యాస్ నింపినందుకు" అనే ఒక్క పద్దుతో సరిపెట్టక, లీకు ఎక్కడ కనుగొన్నారు, ఏ భాగం మార్చారు, ఎన్ని గ్రాములు సేకరించారు, ఎన్ని గ్రాములు నింపారు అనే వివరాలు కోరడం సముచితం. ఒకే వాహనానికి ఏడాది లోపు రెండవసారి గ్యాస్ బిల్లు వచ్చినదంటే మొదటిసారి మరమ్మతు జరగలేదని అర్థం.

ఫిల్టరు మార్చడం, కండెన్సర్ కడగడం, ఫ్యాను, ఫ్యూజు చూడడం, నూనె మరకను గుర్తించడం యజమాని పని. వలయాన్ని తెరవడం, గ్యాస్ సేకరించడం, తూకం వేసి నింపడం శిక్షణ పొందినవారి పని. ఈ హద్దును పాటించినట్లయితే వాహనదారుని ధనం, మెకానిక్ ప్రాణం, వాతావరణం మూడింటికీ రక్షణ చేకూరుతుంది.